ఫైళ్లెక్కడున్నయి?

దుబ్బరాజం బావకు ఎగ్జిట్ పడ్డంక
తూకం కాడ పంచాది వచ్చింది.
ముప్పై కిలోలల్ల దుప్పట్లెక్కుతయి, పాలపొడి ఎక్కుతది,
సీపీయూ ఎక్కది.
కింది గదిల బంగ్లా పిల్లగాడు షాహిన్
పన్నెండు దినార్లకు మాట్లాడుకున్నడు.
రేపు తీస్కపోతడు, మొత్తం తుడిచేస్తడు.

"ఎల్లేశా, పాటలు కాపీ కొట్టుకుంటే సాలది" అన్నడు బావ,
"నేను బందు వెడితే ఇంకెవ్వలకు దొరకది.
సీడు నీ దాంట్లకు మారాలె."

ఐదేండ్ల కింద
పదకొండు రాత్రుల ఒగ్గుకథ
అరిగిన టేపులకెల్లి కంప్యూటర్లకు పట్టి
ఆయన కట్టిన మూట అది.
సిత్రల, రిఫైనరీ మంట కనవడే కిటికీ పక్కన,
మీద తడి అంగీలు ఆరుతుంటే
రాత్రి పగలు నడుస్తనే ఉన్నది.
దమ్మాంల ఎవ్వడో, సలాలాల ఎవ్వడో,
మొఖాలు తెల్వనోళ్లకు
తునక తునక ఇచ్చుకుంట.

ఆ రాత్రి హార్డ్ డిస్కు రెండు గంటలు గిర్రుమన్నది.
ఆయనది డి డ్రైవు, నాది ఇ.
ఆయన ప్రోగ్రాం వేరు, నా ప్రోగ్రాం వేరు.
నాదానికి ఏది చూసినా
మొదటికెల్లి దింపాలెనని ఆత్రం.
"ఆపు, ముందుగాల ఆపు!
దింపుడు కాదు, ఉన్నదని చూపియ్యాలె.
ఫోల్డరు ఒక్క మెట్టు పైన చూపిస్తివా,
ఇల్లు నిండ వడ్లు పెట్టుకోని
గింజ లేదంటది."

నాలుగింటికి వ్యాను హారను కొట్టింది.
కోల్డ్ స్టోరు బిల్లు ఎనుక రాసిచ్చి పోయిండు:
ఆపు. జాగ చూపియ్యి. చెక్ కొట్టు. అప్పుడు ఇడువు.

డ్యూటీ దిగొచ్చి కొట్టిన.
పన్నెండు. నలభై. ఎనభై ఆరు.
తొంభై తొమ్మిది పాయింట్ ఏడు.
ఆగింది.

మళ్ల కొట్టిన. మళ్ల అక్కణ్ణే.
ఏడో రాత్రి, మొదటి తునక.

అప్పుడు యాదికొచ్చింది.
ఫోన్ల మంచిగ కనవడాలెనని
పేరు లేని ఆ ఫైలు లోపల
నేనే టైపు చేసిన: దుబ్బరాజం బావ ఇచ్చింది.
కథల ఒక్క మాట మారలే,
డోలు అట్లనే మోగుతది.
లెక్కనే ఒప్పుకోలే.
ప్రేమతోని ముట్టినా
ముట్టుడు ముట్టుడే దానికి.

షాహిన్ కాడికి ఉరికిన.
కొత్త విండోస్ ఎక్కుతున్నది, తెరంత నీలం.
పిల్లగాడు నవ్వి చాయ్ పోసిండు.
తాగిన, ఏం జేస్త.

బావ ఫోను కలవది.
కలిసినా ఏమని చెప్పాలె,
నీ పేరు రాస్తేనే ఇరిగిందనా?

మూడు రోజులు తెరిచే పెట్టిన.
రెండు దినార్ల రీచార్జి ఒడిస్తే ఇంకో రెండు.
ఇచ్చేటోళ్లు సున్నా.
తీస్కునేటోడు మాత్రం ఒక్కడు దొరికిండు,
నా దాంట్లున్నదంత గుంజుకోని
వాడు గూడ తొంభై తొమ్మిది పాయింట్ ఏడు కాడ
నా ఎదురుంగ నిలవడ్డడు.
ఒక్క గుంతకు ఇద్దరం కాపలా.

శుక్రారం, బట్టలు నానవెట్టి వచ్చి చూస్తే
గీత కదులుతున్నది.
ఎవ్వడో లేచిండు.
వంతెన అవతలి దమ్మాం వాడే కావచ్చు,
నైటు డ్యూటీ చేసి, పండి, లేచి, స్విచ్చి ఏసినోడు.
బావ ఎన్నడో వానికిచ్చిన తునకను
నాకిచ్చి
పది నిమిషాలల్ల మాయమైండు.
నేను రాసిన పేరు పోయింది,
ఏడో రాత్రి మొదలు మళ్ల పేరు లేకుంట.

నూరు.
జర సేపటికి, ఎదురుంగ ఉన్నోనిది గూడ.

బిల్లు ఎనుక ఇంకింత జాగ ఉంటే
ఒక ముక్క రాసి సాకెట్టు మీద అంటిచ్చిన,
ఇస్త్రీ పెట్టె పట్టుకోని వచ్చేటోళ్లకు:
ఈ ప్లగ్గు పీకకుండ్రి.